ఖబరస్తాన్ గోడ

ఏలూరు ఫైర్‌స్టేషన్ సెంటర్లో టీ తాగుతూ రాజకీయాలు మాట్లాడేటప్పుడు మేం గొంతు తగ్గిస్తాం. తగ్గించమని ఎవరూ చెప్పలేదు. అలవాటు. మా అబ్బాలు తగ్గించారు, వాళ్ళని చూసి మేం తగ్గించాం. పక్క బల్ల మీద వాళ్ళు అదే సంగతి బల్ల గుద్ది మాట్లాడుకుంటారు. మేం మాత్రం 'మనకెందుకులే భాయ్' అని మొదలుపెట్టి, అదే మాటతో ముగిస్తాం. మధ్యలో మాట్లాడాల్సిందంతా మాట్లాడేస్తాం, అది వేరే సంగతి.

2015 జూలై. రంజాన్ నెల. తరావీ నమాజు చదువుకుని రాత్రి పదిన్నరకి టీ కొట్టు దగ్గర చేరాం. టీవీలో ఒకటే వార్త. తమ్మిలేరులో ఇసుక తవ్వకం ఆపడానికి వెళ్ళిన ముసునూరు తహసిల్దారు మీద దెందులూరు ఎమ్మెల్యే చింతమనేని ప్రభాకర్, ఆయన మనుషులు దౌర్జన్యం చేశారని ఆరోపణ. ఆమె ఆడమనిషి. టీవీలో ఆమె మాట్లాడుతుంటే మాలో రెవెన్యూ ఆఫీసులో పనిచేసే కుర్రాడు గ్లాసు కింద పెట్టేశాడు. రేపట్నుంచి మా వాళ్ళు పని ఆపేస్తారు అన్నాడు. మా వాళ్ళు అంటే ఉద్యోగులు. అన్నట్టే రెవెన్యూ ఉద్యోగులు ఆందోళనకు దిగారు. రాష్ట్రమంతా పాకింది. చివరికి ముఖ్యమంత్రి కూర్చోబెట్టి మాట్లాడారు, ఉద్యోగులు పనిలోకి వచ్చారు. ఆ మాటల్లో ఎక్కువసేపు నలిగింది హద్దు గొడవ. ముసునూరు అప్పుడు కృష్ణా జిల్లా. ఇసుక రేవు పశ్చిమగోదావరి వైపుది, ఆమె తన హద్దు దాటి వచ్చింది అని ఎమ్మెల్యే వైపు వాదన. ఆమె మీద చెయ్యి పడిందా లేదా అన్న ప్రశ్న, ఆమె నిలబడ్డ ఇసుక ఏ జిల్లాది అన్న ప్రశ్న కింద కప్పడిపోయింది. 2022లో జిల్లాలు చీల్చినప్పుడు ముసునూరు ఏలూరు జిల్లాలోకి వచ్చేసింది. ఆ హద్దు ఇప్పుడు లేదు.

ఆ రాత్రి మేం ఏమన్నాం? ఒకడన్నాడు, 'ఎంతైనా ఆడమనిషి'. ఇంకొకడన్నాడు, 'కానీ పనులు చేస్తాడు భాయ్. ఫోన్ చేస్తే ఎత్తుతాడు'. పెద్దాయన ఒకాయన తస్బీ తిప్పుకుంటూ అన్నాడు, 'అటువంటోడు మనకొకడు ఉంటే బాగుణ్ణు'.

ఈ రాస్తున్నది ఆ చివరి మాట గురించి.

చింతమనేని ప్రభాకర్‌ది పెదవేగి మండలం దుగ్గిరాల. పెదవేగి అంటే ఒకప్పటి వేంగి. శాలంకాయనులు, తూర్పు చాళుక్యులు ఏలిన చోటు. ఇప్పుడు నిమ్మతోటలు, పామాయిల్ తోటలు. మండల పరిషత్ అధ్యక్షుడిగా మొదలైన మనిషి ఆయన. రాష్ట్రంలో కాంగ్రెస్ గెలిచిన 2009లో కూడా తెలుగుదేశం తరఫున దెందులూరులో గెలిచి శాసనసభకు వెళ్ళారు. 2014లో మళ్ళీ గెలిచారు, ప్రభుత్వ విప్ అయ్యారు. 2019లో వైఎస్సార్ కాంగ్రెస్ అభ్యర్థి కొఠారు అబ్బయ్య చౌదరి చేతిలో ఓడారు. 2024లో అదే అబ్బయ్య చౌదరి మీద గెలిచారు. దెందులూరులో ఎవరు గెలిచినా చౌదరిగారే గెలుస్తారు. ఓటేసేది మాత్రం మాలలు, మాదిగలు, వడ్డీలు, గౌడలు, తూర్పుకాపులు, అక్కడక్కడ కూరలో ఉప్పంత మేం.

ఆయన గురించి రెండు రకాల కథలు చెప్పుకుంటారు. మొదటి రకం పేపర్లలో వచ్చేవి. 2011లో దెందులూరు రచ్చబండ సభలో అప్పటి మంత్రి వట్టి వసంతకుమార్ మీద దౌర్జన్యం చేశారన్న కేసు. ఆ కేసులో 2018 ఫిబ్రవరిలో భీమడోలు కోర్టు ఆయనకు జైలుశిక్ష వేసింది. ఆయన అప్పీలుకు వెళ్ళారు. తహసిల్దారు గొడవ. కొల్లేరు అభయారణ్యం హద్దుల్లో రోడ్డు పనుల మీద అటవీశాఖ వాళ్ళతో గొడవ. రెండో రకం కథలు ఊళ్ళలో చెప్పుకునేవి. అర్ధరాత్రి ఆసుపత్రికి ఫోన్ చేసి మంచం ఇప్పించాడని, స్టేషన్లో కూర్చోబెట్టిన కుర్రాణ్ణి తెల్లారేసరికి ఇంటికి పంపించాడని, లంక గ్రామానికి రోడ్డు కోసం ఫారెస్టోళ్ళతో తలపడ్డాడని. గమనించారా? రోడ్డు గొడవ రెండు రకాల్లోనూ ఉంది. పేపర్లో అది వివాదం. లంకలో అది ఉపకారం.

లంక అంటే ఏమిటో తెలియనివాళ్ళకి కొంచెం చెప్పాలి. కృష్ణా డెల్టాకీ గోదావరి డెల్టాకీ మధ్య పళ్ళెంలాంటి పల్లం కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు తెచ్చిన నీళ్ళన్నీ అందులో పడతాయి, ఉప్పుటేరు ఒక్కటే వాటిని సముద్రానికి మోసుకుపోతుంది. ఆ పళ్ళెంలో దిబ్బల మీద ఉన్న ఊళ్ళు లంకలు. వాన పడితే ఊరు నీళ్ళ మధ్య నిలుస్తుంది. 1999లో ఐదో కాంటూరు దాకా 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యం అన్నారు. 2002లో రామ్‌సర్ జాబితాలో చేరింది. 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో చేపల చెరువుల గట్లు పేల్చేశారు. ఐదో కాంటూరు కాదు మూడో కాంటూరు చాలని 2008లో శాసనసభ తీర్మానం చేసింది. దాని మీద కేంద్రం ఒక కమిటీ వేస్తే, ఆ కమిటీ తగ్గించొద్దు అంది. దాని పేరు అజీజ్ కమిటీ. కొల్లేరులో సాయిబు పేరు అంత గట్టిగా వినపడింది అప్పుడొక్కసారే. అదీ తిట్టు కింద. ఆ రోజుల్లో చేపల లోడుకెళ్ళిన మా లారీ డ్రైవర్లని 'మీ అజీజు ఏంటయ్యా ఇలా చేశాడు' అని అడిగేవాళ్ళు. ఆయనెవరో మాకేం తెలుసు? పక్షుల శాస్త్రం చదివిన మనిషి. కానీ జవాబు మేం చెప్పుకోవాలి.

ఇలాంటి చోట రోడ్డు వేయిస్తానని గట్టు మీద నిలబడ్డ ఎమ్మెల్యే, ఆయన ఎవరైనా కానీ, దేవుడితో సమానం. పక్షులకి ఢిల్లీలో వకీళ్ళున్నారు, మాకెవరున్నారు అంటారు లంకవాళ్ళు. వాళ్ళనడంలో న్యాయం ఉంది. చట్టం చాలా ఊళ్ళకి అడ్డం పడేటప్పుడే కనపడుతుంది. సాయం చేసేటప్పుడు కనపడదు. అందుకని చట్టాన్ని పక్కకి నెట్టగలిగినవాణ్ణి జనం కోరుకుంటారు. నెట్టే చెయ్యి ఒకరోజు తమ మీద కూడా పడుతుందని వాళ్ళకి తెలియక కాదు.

మా సంగతి వేరా? కాదు. మాదీ అదే రోగం, కాకపోతే ఇంకా ముదిరింది.

ఏలూరు, దెందులూరు, తాడేపల్లిగూడెం. ఈ మూడు చోట్లా మాకు ఓటు వయసు వచ్చాక సాయిబు ఒక్కడు ఎమ్మెల్యేగా గెలవలేదు. గెలవడం సరే, పెద్ద పార్టీలు టికెట్ ఇవ్వాలి కదా. మేం ఎక్కడా గుంపుగా లేం. ఏలూరు తంగెళ్ళమూడిలో కొంతమందిమి. ఒకప్పుడు అక్కడ మగ్గాల మీద తివాచీలు నేసేవాళ్ళు, పర్షియా నుంచి వచ్చినవాళ్ళ సంతతి అని చెప్పుకునేవాళ్ళు. ఏలూరు తివాచీ సీమకి పోయింది, నేసినవాడు పంక్చర్ షాపుకి వచ్చాడు. గూడెం మార్కెట్టు వీధుల్లో కొంతమందిమి. ఊళ్ళలో పది ఇళ్ళు, ఇరవై ఇళ్ళు. దూదేకుల వాళ్ళు కొన్ని ఊళ్ళలో ఉన్నారు, వాళ్ళ బాధ వాళ్ళది. తురకలు వాళ్ళని తురకలనరు, హిందువులు హిందువులనరు.

చెదిరి ఉన్నవాళ్ళకి ఓటు ఉంటుంది గానీ బలం ఉండదు. మా ఓటు కోసం ఈద్గాకి వస్తారు. టోపీ పెట్టించుకుంటారు, అలాయ్ బలాయ్ ఇస్తారు, షాదీఖానా కట్టిస్తామంటారు. ఆ తర్వాత మాకు కావలసిందల్లా ఒక ఫోన్ నంబరు. కుర్రాణ్ణి స్టేషన్లో పెడితే చేసుకునే నంబరు. అది ఎవడి నంబరు, ఏ పార్టీ, ఇంకొకడి ఇంటి మీద వాడు ఏం చేశాడు అని మేం అడగం. రాజ్యాంగం మాకు హక్కులిచ్చింది. మేం మాత్రం హక్కుల్ని అమ్ముకుని ఫోన్ నంబర్లు కొనుక్కున్నాం.

మేం చింతమనేనిని ముఖాముఖి కలవలేదు. ఆయన వల్ల మాకు మేలూ జరగలేదు, కీడూ జరగలేదు. మాకు జరిగింది ఇంకో చోట, ఇంకో నాయకుడి చేత. ఆయన పేరు అనవసరం. అటువంటివాళ్ళు ప్రతి నియోజకవర్గంలోనూ ఉన్నారు.

మా నానీది కొల్లేరు అంచున ఒక ఊరు. అభయారణ్యం హద్దుకి అవతల, వరిచేలూ చేపల చెరువులూ కలిసే చోట. ఇరవై లోపు ఇళ్ళు మనవి. ఒక చిన్న మసీదు, అర ఎకరం ఖబరస్తాన్. 2010 వానాకాలంలో నానీ పోయింది. మట్టికి వెళ్ళాం. గుంట తవ్వుతుంటే రెండడుగులకే నీళ్ళు ఊరాయి. తూర్పు పక్కన పెద్ద రైతు చేపల చెరువు. ఏటా గట్టు వేసుకుంటూ వేసుకుంటూ ఖబరస్తాన్లోకి జరిగాడు. ఆ చెరువు నీళ్ళే మా గుంటలోకి వస్తున్నాయి. బకెట్లతో తోడాం. తోడుతుంటే ఊరుతోంది. మా మామూ గుంటలో దిగి మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి, 'ఇంక చాలు, ఇవ్వండి అమ్మని' అన్నాడు. ఎండు గడ్డి మోపులు పరిచి, దాని మీద ఇసుక పోసి, దాని మీద దించాం. కఫన్ తడిసింది. మూడు పిడికిళ్ళ మట్టి వేయాలి. మట్టి ఎక్కడిది, బురద వేశాం.

ఆ తర్వాత మామూ రెండేళ్ళు తిరిగాడు. మండలాఫీసులో ఒకాయన సర్వే నంబరు పోరంబోకు అన్నాడు. ఇంకో చోట వక్ఫ్ గెజెట్‌లో ఉందో లేదో చూడాలన్నారు. సర్వేయరు వస్తానన్నాడు, రాలేదు. మాకున్న కాగితం ఒక్కటే, మా ముత్తాతల సమాధులు. వాటిని ఏ ఆఫీసులోనూ జతచేయమని అడగలేదు.

2012లో ఎవరో చెప్తే ఆ నాయకుడి దగ్గరికి వెళ్ళారు. పొద్దున్నే ఆరింటికి. ఇంటి ముందు యాభై మంది జనం. మామూ తిరిగొచ్చి చెప్పాడు, చెప్తున్నప్పుడు ఆయన కళ్ళలో వెలుగు మాకిప్పటికీ గుర్తు. 'కూర్చోమన్నాడురా. సాయిబుగారూ అన్నాడు. మీ శవాలు నీళ్ళలో పెట్టుకుంటుంటే నాకెందుకు చెప్పలేదయ్యా అని నన్నే తిట్టాడు. అక్కడికక్కడే ఫోన్ తీశాడు.' నాలుగు రోజుల్లో పొక్లెయిన్ వచ్చింది. సర్వేయరు పిలవకుండానే వచ్చాడు. నెల తిరక్కుండా ఖబరస్తాన్ చుట్టూ గోడ లేచింది. గేటు పక్కన నల్లరాయి, నాయకుడి పేరు. బిర్యానీ వండాం. ఫాతెహా ఇచ్చాం. మామూ ఆ రాయిని తువాలుతో తుడిచాడు.

గోడ కట్టిన వారం తర్వాత మాలో చదువుకున్నవాడొకడు చూసి చెప్పాడు. తూర్పు పక్క గట్టు ఎక్కడిదక్కడే ఉంది. ఒక్క అడుగు కూడా జరగలేదు. కాస్త మెరక పోసి గట్టిచేశారు, అంతే. స్థలం పెరిగింది పడమటి పక్క. పడమటి పక్కన ఉన్నది మాలపల్లెవాళ్ళ సొసైటీ భూమి. 1970ల్లో జలగం వెంగళరావు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు కొల్లేరు చుట్టూ పేదలకు సొసైటీలు కట్టి చెరువులిచ్చారు. చాలావాటిని డబ్బున్నవాళ్ళు లీజుల పేరుతో పట్టుకుపోయారు. ఆ ఊరి సొసైటీకి మిగిలింది కొద్దిపాటి మెరక. అందులోంచి పొడుగూతా పదిహేనడుగులు మా గోడలోకి వచ్చింది. ఒక్క ఫోనుతో పెద్ద రైతుకి కోపం రాకుండా, మా ఓట్లు పోకుండా, నాయకుడికి రాయి పడేలా పని జరిగిపోయింది. నష్టపోయినవాళ్ళకి ఫోన్ నంబరు లేదు.

మేం ఏం చేశాం? ఏమీ చేయలేదు. తెలిసిన తర్వాత కూడా. మామూ అన్నాడు, 'ఇచ్చింది తిరిగిచ్చేస్తే మళ్ళీ ఎవడు పలుకుతాడ్రా?' నానీ పక్కన స్థలం కావాలి కదా అన్నారు ఇంకొకరు. అందరం ఎప్పుడో ఒకప్పుడు ఆ గోడ లోపలికి వెళ్ళాల్సినవాళ్ళమే. నోరు మూసుకున్నాం.

గూడెం సంగతి కూడా చెప్పకపోతే ఇది సగమే అవుతుంది. 2014లో ఆంధ్రప్రదేశ్‌లో భారతీయ జనతా పార్టీ నాలుగు అసెంబ్లీ స్థానాలు గెలిస్తే, రెండు మా కొల్లేరుకి అటూ ఇటూ. కైకలూరులో కామినేని శ్రీనివాస్, తాడేపల్లిగూడెంలో పైడికొండల మాణిక్యాలరావు. ఇద్దరూ మంత్రులయ్యారు. ఒకరికి వైద్యం, ఒకరికి దేవాదాయం. 2018 మార్చిలో పొత్తు తెగినప్పుడు ఇద్దరూ రాజీనామా చేశారు. ఆ ప్రభుత్వంలో 2018 నవంబరు దాకా, అంటే నాలుగేళ్ళకు పైగా, ముస్లిం మంత్రి ఒక్కరు లేరు.

మాణిక్యాలరావు గూడెంలో ఫోటో స్టూడియో నడిపిన మనిషి. సంఘ్‌లో పెరిగి, వీధి స్థాయి నుంచి పైకి వచ్చారు. గూడెంలో మా ఖాలా నిఖా ఫోటోలున్నాయి, గులాబీ రంగు ఎగిరిపోయి నారింజ రంగుకి తిరిగినవి. ఏ స్టూడియోలో కడిగించారో ఎవరికీ గుర్తులేదు. ఆయన స్టూడియోలోనేనేమో! ఆ ఊళ్ళో ఫోటో అంటే ఆ నాలుగైదు చోట్లే. ఆయన మెత్తగా మాట్లాడతారని గూడెం మనవాళ్ళే చెప్తారు. చెయ్యి చేసుకున్నారన్న కేసు లేదు, జైలుశిక్ష లేదు. 2020 ఆగస్టు 1న కరోనాతో పోయారు. ఆ ఏడు ఖబరస్తాన్‌కీ శ్మశానానికీ తేడా లేకుండా అందరం దూరంగా నిలబడే చూశాం.

అయినా 2014లో గూడెంలో మా వాళ్ళు ఓటు వేయడానికి వెళ్ళి మిషన్ ముందు నిలబడి తడబడ్డారు. సైకిల్‌కి అలవాటుపడ్డవాళ్ళకి అక్కడ సైకిల్ లేదు, పువ్వు ఉంది. 1992 డిసెంబరులో దుకాణాల షట్టర్లు దించుకుని లోపల కూర్చున్న రాత్రి గుర్తున్నవాళ్ళు వాళ్ళు. మెత్తటి మనిషే కావచ్చు, కానీ ఆయన వెనకున్న జెండా మా గుండెలో గుచ్చుకుంటుంది. గరుకు మనిషి వెనకున్న జెండా మమ్మల్ని అంత భయపెట్టదు. అందుకే 'చింతమనేని అందరినీ తిడతాడు, మనల్ని తురకలని విడిగా తిట్టడు' అని మా టీ కొట్టు దగ్గర ఒక ప్రశంస పుట్టింది. ఎంత దిగజారిన ప్రశంసో చూడండి. అందరితోపాటు తిట్టు తినడం కూడా మాకు సమానత్వంలా అనిపించింది.

మాలో నాయకులు లేరా అంటారు. ఉన్నారు. ఏలూరుకు 2014లో తెలుగుదేశం నుంచి మేయర్ షేక్ నూర్జహాన్. 2021లో వైఎస్సార్ కాంగ్రెస్ నుంచి మేయరూ ఆమే. 2024 ఎన్నికలు కాగానే మళ్ళీ తెలుగుదేశం వైపు. మా ఆడపిల్ల మేయర్ కుర్చీలో కూర్చుంటే సంతోషించాం, అబద్ధం ఎందుకు. కానీ గాలి ఎటు వీస్తే అటు తిరక్కుండా మాకు కుర్చీ మిగలదని కూడా చూశాం. నరసాపురం నుంచి ఎం.ఏ. షరీఫ్ 2019లో శాసనమండలి చైర్మన్ అయ్యారు. 2020 జనవరి 22న మూడు రాజధానుల బిల్లుల్ని తన విచక్షణాధికారంతో సెలెక్ట్ కమిటీకి పంపుతున్నానన్నారు. ఐదు రోజుల్లో మండలినే రద్దు చేయాలని శాసనసభ తీర్మానించింది. ఆ తీర్మానాన్ని 2021 నవంబరులో వెనక్కి తీసుకున్నారు, అప్పటికి ఆయన పదవీకాలం అయిపోయింది. ఆ సాయంత్రం సభలో అరుపుల మధ్య సన్నగా, గొంతు తగ్గించి ఆయన తీర్పు చదువుతుంటే టీవీలో చూశాం. ఆ గొంతు మాకు బాగా తెలుసు. అది మా టీ కొట్టు గొంతే. కానీ ఆ గొంతుతోనే ఆయన చెప్పాల్సింది చెప్పారు.

మేం చెప్పలేకపోయాం.

2019 ఎన్నికల ముందు, దళితుల గురించి చింతమనేని మాట్లాడిన మాటల వీడియో ఒకటి ఊరూరా తిరిగింది. మాటల్ని తెగ్గొట్టి అతికించారని ఆయన అన్నారు. తెగ్గొట్టారో లేదో గానీ విన్న మాలపల్లెలు, మాదిగపల్లెలు మండిపోయాయి. నానీ వాళ్ళ ఊరు దెందులూరు నియోజకవర్గం కాకపోయినా అక్కడి పల్లెవాళ్ళు కూడా కలెక్టరాఫీసుకి వెళ్ళడానికి అర్జీ రాశారు. అర్జీ పట్టుకొచ్చినవాడు పల్లెలో బడిపంతులు. మాతోపాటు ఏలూరులో కాలేజీలో చదివినవాడు. చిన్నప్పుడు పీర్ల పండక్కి మా మామూతో నిప్పులగుండం తొక్కినవాడు. మసీదు అరుగు మీద కూర్చుని అన్నాడు, 'మీరు కూడా సంతకాలు పెట్టండి. మా ఒక్కళ్ళదే అయితే కులగొడవ అంటారు. మీరు కలిస్తే బలం.'

మేం ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నాం. మామూ గొంతు సవరించుకున్నాడు. 'ఎలక్షన్ టైము పంతులుగారూ. మా ఊరి నాయకుడు కూడా ఆ పార్టీలోనే ఉన్నాడు. మాకు ఆయన...' అని ఆగాడు. వాక్యం పూర్తి చేయక్కర్లేదు. అరుగు మీంచి చూస్తే గోడ కనపడుతుంది.

పంతులు గోడ వైపు చూశాడు. ఆ పదిహేనడుగుల సంగతి వాళ్ళకి మొదట్నుంచీ తెలుసు. ఏడేళ్ళలో ఒక్కసారి కూడా అడగలేదు. ఆ రోజు కూడా అడగలేదు. అర్జీ మడిచి జేబులో పెట్టుకుని, టీ తాగి, గ్లాసు తనే కడిగి బోర్లించి వెళ్ళిపోయాడు. మా మసీదు అరుగు మీద ఎవరూ గ్లాసు కడగరు. ఆ రోజు ఎందుకు కడిగాడో మాకు ఇప్పటికీ నలుగుతూనే ఉంది.

ఆ ఎన్నికల్లో ఎమ్మెల్యే ఓడారు. ప్రభుత్వం మారింది. 2019 సెప్టెంబరులో షెడ్యూల్డు కులాల అత్యాచారాల నిరోధక చట్టం కింద ఉన్న కేసులో ఆయన్ని అరెస్టు చేశారు. రెండు నెలలకు పైగా ఏలూరు జైల్లో ఉండి నవంబరులో బెయిలు మీద వచ్చారు. రాజకీయ కక్ష అన్నారు ఆయన వాళ్ళు. పాపం పండింది అన్నారు ఇవతలివాళ్ళు. కొంచెం కొంచెం రెండూ అయి ఉండొచ్చని మాకనిపిస్తుంది. ఈ రాష్ట్రంలో చట్టం పార్టీ మారినప్పుడు మేలుకుని, మళ్ళీ పార్టీ మారినప్పుడు నిద్రపోతుంది. అది నిజంగా తప్పు చేసినవాడికీ, చేయనివాడికీ ఒకే మాట చెప్పుకునే వీలు ఇస్తుంది. 2024లో జనం ఆయన్ని మళ్ళీ గెలిపించారు. ఆయనకి ఓటేసినవాళ్ళలో పల్లెలవాళ్ళూ ఉన్నారు, మనవాళ్ళూ ఉన్నారు. వాళ్ళని తెలివితక్కువవాళ్ళని అనే అర్హత మాకు లేదు. మధ్యలో ఐదేళ్ళు అవతలి పార్టీవాళ్ళ ఫోన్ నంబర్లతో కూడా బతికి చూశారు కదా.

మా కుర్రవాళ్ళు ఇప్పుడు వేరే రకంగా మాట్లాడుతున్నారు. నాలుగు శాతం రిజర్వేషన్ 2007లో వచ్చింది. హైకోర్టు కొట్టేస్తే 2010లో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో నిలబెట్టింది. ఆ నీడలో ఇంజనీర్లయిన పిల్లలు వీళ్ళు. గూడెంలో నిట్ గేటు ముందు నిలబడి ఫోటో దిగుతారు. 'ఎమ్మెల్యేని అడగడం ఏమిటి, సమాచార హక్కు కింద దరఖాస్తు పెడదాం' అంటారు. వాళ్ళలో ఒకడు రెండేళ్ళ క్రితం ఖబరస్తాన్ సర్వే నంబరు మీద దరఖాస్తు పెట్టాడు. జవాబొచ్చింది. అర ఎకరం మాదేనట, మొదట్నుంచీ. తూర్పున చెరువు గట్టు కింద ఉన్న భాగంతో కలిపి అర ఎకరం. పడమటి పదిహేనడుగులు సొసైటీవి.

మామూ అప్పటికి లేడు. 2021 రెండో అలలో పోయాడు. ఆయన పడుకున్నది ఆ పడమటి పదిహేనడుగుల్లోనే. తడి లేదు అక్కడ. గుంట పొడిగా వచ్చింది.

ఆ కాగితం పట్టుకుని మొన్న రంజాన్‌కి ముందు మేం నలుగురం పంతులింటికి వెళ్ళాం. వాకిట్లో మంచం వేశాడు. కాగితం చదివాడు. కళ్ళజోడు తీసి మళ్ళీ పెట్టుకుని చదివాడు. తూర్పు గట్టు మీద కలిసి అర్జీ పెడదాం, మీ సొసైటీ, మా జమాత్ ఇద్దరం అన్నాం. 'మరి మీ మామయ్య?' అన్నాడు. ఆయన్ని కదపొద్దు అని మేం అడగలేదు. అడగడానికి నోరు రాలేదు. కాసేపు ఎవరం మాట్లాడలేదు. లోపల్నుంచి వాళ్ళావిడ టీ తెచ్చింది.

'ఆయన ఉన్నచోట ఉండనీండి' అన్నాడు పంతులు. 'గేటు దగ్గర ఆ రాయి మాత్రం తీయించండి.'